బొట్టు కింద దీపం

నా భార్య తనూజ పోయిన పదో రోజున ఇల్లు కడిగారు. కడిగింది కింది ఇంటి ఆండాలమ్మ, ఆమె కోడలు. కంప్యూటరు జోలికి వెళ్ళడానికి వాళ్ళకు భయం. తడిగుడ్డ నా చేతికిచ్చి, అది మీరే తుడవండి అన్నారు. తెర మీద ఎడమ వైపు, మధ్యకు కాస్త పైన, మెరూన్ రంగు బొట్టు బిళ్ల ఒకటి అతికి ఉంది. గోటితో తీశాను. పారేయలేదు. పడకగది అద్దం మీద ఆమె అతికించిన బిళ్లలు ఆరు ఉన్నాయి. దీన్ని వాటి పక్కన పెట్టాను. అద్దం మీదివి ఉండవలసిన చోట ఉన్నాయి, తెర మీదిది పొరపాటున అతుక్కుంది అనుకున్నాను. ఇరవై రెండేళ్లుగా పిల్లల నోటుపుస్తకాల్లో ఉండకూడని చోట ఉన్న చుక్కలు కొట్టేయడం నా పని.

అది సెప్టెంబరు. డిసెంబరు మొదటి వారంలో అద్నాన్ వచ్చాడు.

అద్నాన్‌కు పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. నాలుగేళ్ల కిందట మా కంప్యూటరు చెడిపోతే తనూజ ఆటోలో పెట్టుకొని అక్కడికి తీసుకెళ్ళింది. అతని తెర మీద ఒక యుద్ధ విమానం ఎగురుతోందట. అది చూస్తూ, వచ్చిన పని మరిచి నిలబడిపోయిందట. ఆ నెలలోనే విమానం నడిపే స్టిక్ ఒకటి కొనుక్కొచ్చింది. కరెంటు ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, ఆరున్నరకు ఆ గదిలోకి వెళ్ళేది. ఎనిమిదికి బయటికి వచ్చేది. అద్నాన్ మొదటి విమానం. సైదాబాదులో ఉండే డానియేలు, గూడ్సు రైళ్ల గార్డు, రెండో విమానం. తనూజ మూడు. ముగ్గురూ ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని, చెవులకు హెడ్‌సెట్లు తగిలించుకుని, ఒకే ఆకాశంలో ఎగిరేవారు. ఎక్కడెక్కడివాళ్ళతోనో యుద్ధాలు చేసేవారు. తన గురి మంచిది కాదని ఆమే చెప్పేది. "నా పని కాల్చుడు కాదు. అద్నాన్ రెక్క ఇడిచిపెట్టకుండ ఉండుడు" అనేది.

నేను పక్క గదిలో పేపర్లు దిద్దుకునేవాణ్ణి. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వెళ్ళి ఆమె వెనక నిలబడి చూడలేదు. తీరిక లేక కాదు.

అద్నాన్ గడప దగ్గరే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. తనూజను అతను అక్క అనే అర్థంలో ఆపా అనేవాడు.

"సార్, ఒక మాట అడగాలె. ఆపా ఉన్నప్పుడే మేము పేరిచ్చినం."

డిసెంబరు మూడో ఆదివారం సాయంత్రం అయిదింటికి, ఈ ఆట ఆడేవాళ్ళ జట్లన్నిటికీ ఒక ప్రదర్శన ఉందట. కాల్పులు ఉండవు. మూడు విమానాలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఆరు నిమిషాలు ఎగరాలి. చూసి మార్కులు వేసేవాళ్ళు ఉంటారు. ముగ్గురు ఉండాల్సిందే. ముందు రోజుల్లో ఒక పేరు మార్చుకోవచ్చు. దానికి గడువు ఆ వారం శుక్రవారం సాయంత్రం ఆరు.

"మా చెల్లె నౌరీన్ ఉంది సార్. మంచిగ నడుపుతది. మీరు సరే అంటేనే ఆమె పేరు ఇస్త."

"నేను కూర్చుంట" అన్నాను.

ఆ మాట అనాలని నేను ముందుగా అనుకోలేదు. అద్నాన్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"సార్, మీరెప్పుడన్న ఆడిన్రా?"

"లేదు."

"ఫోన్ల గూడ?"

"లేదు."

"పన్నెండు రోజులే ఉన్నయి సార్."

"తెలుసు."

"అచ్ఛా" అన్నాడు. "శుక్రవారం దాకా చూద్దాం. కుదరకపోతే నౌరీన్ పేరు ఇస్త. మీరు దిల్‌ల పెట్టుకోవద్దు."

అతను వెళ్ళాక వంటింటి నుంచి వీధి తలుపు దాకా ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. అప్పటికి మూడు నెలలుగా అదే అలవాటు. బడిలోనూ అంతే. పాఠం చెబుతూ బల్లల మధ్య ఆగకుండా తిరుగుతుంటే పిల్లల తలలు నాతో పాటు తిరిగేవి. ఇంట్లో ఆమె చోట్లు ఒక్కొక్కటే నిండిపోయాయి. ఆమె కుర్చీలో మడత పెట్టని బట్టలు. మంచం మీద ఆమె వైపు దిద్దాల్సిన పేపర్లు. ఖాళీగా మిగిలిన చోటు ఇదొక్కటి. దానికి ఒక అంకె కూడా ఉంది, మూడు. అందులో ఇంకొకరు కూర్చుంటే నాకు చూసుకోవడానికి ఏమీ మిగలదు.

మొదటి నాలుగు రోజులు అద్నాన్ దుకాణం త్వరగా మూసి ఉప్పుగూడలో మా ఇంటికి వచ్చాడు. నా పక్కన స్టూలు మీద కూర్చుని నేర్పాడు. నేలకు సమంగా ఎగరడం నేర్చుకోవడానికే రెండు సాయంత్రాలు పట్టింది. నా చేయి ఊరికే ఉండదు. విమానం కాస్త వాలితే ఎక్కువగా సరిచేస్తాను, అది రెండో వైపు వాలుతుంది.

"సార్, బిగబట్టకున్రి" అనేవాడు అద్నాన్. "ఫోన్ల స్క్రూ ఉంటది గద, ఆవగింజంత. చేయి బిగబడితే అది ఎటో ఎగిరిపోతది. మల్ల మోకాళ్ళ మీద కూసోని వెతుకుడే. జర వదులుగ."

అయిదో రోజు నుంచి ముగ్గురం ఎగిరాం. అద్నాన్ అతని దుకాణంలో, డానియేలు అతని ఇంట్లో, నేను ఆమె కుర్చీలో. నేను మొదటి విమానానికి కుడి వైపు, కొంచెం వెనకగా ఉండాలి. పక్కనున్నవాడు నేలను చూడకూడదు, తన మీటర్లు చూడకూడదు, ముందున్న విమానాన్ని మాత్రమే చూడాలి. అది ఎటు పోతే అటు. వినడానికి సులువు. నాకు దాని పక్కన పది సెకన్లు నిలవడం కుదరలేదు. ముందుకు దూసుకుపోయేవాణ్ణి, భయపడి వేగం తగ్గిస్తే అర కిలోమీటరు వెనకబడేవాణ్ణి.

ఆ సాయంత్రమే మబ్బులో దూరాం. అద్నాన్ విమానం నాకు కనిపించలేదు. నేను మాట్లాడలేదు. ఇక్కడే ఎక్కడో ఉంటుంది, ఇప్పుడే కనిపిస్తుంది అనుకుంటూ పోయాను. నా రెక్క డానియేలు విమానానికి తగిలింది. తెర ఎర్రబడింది.

"అయిపాయె!" చెవిలో డానియేలు గొంతు. "సార్, ఇయ్యాల్ల ఒక్క పూటల నన్ను సంపుడు ఇది మూడోసారి. నా పింఛను ఎవలికి పోవాలె?"

ఆ తరువాత అతనికే ఏదో తట్టినట్లుంది. హెడ్‌సెట్‌లో అతని ఇంటి ఫ్యాను చప్పుడు కాసేపు వినబడింది.

"మాఫ్ చెయ్యున్రి సార్. నోటికొచ్చింది అన్న."

"పర్వాలేదు."

"అది కాదు సార్. కనబడకపోతే కనబడ్తలేదు అని ఒర్లాలె. బయటికి జరగాలె. గంతే రూలు. దాంట్ల సిగ్గేం లేదు. మీరు సప్పుడు జెయ్యకపోతే ఇద్దరం పోతం."

"సరే" అన్నాను.

"సరే అంటరు, మల్ల సప్పుడు జెయ్యరు" అన్నాడు డానియేలు. అద్నాన్ నవ్వాడు. చాలా రోజుల తరువాత ఆ ఇంట్లో, నా చెవుల్లోనే అయినా, ఎవరో నవ్వారు.

మళ్ళీ ఎగిరాం. మళ్ళీ నేను నిలవలేదు. అప్పుడు అద్నాన్ అన్నాడు, "సార్, మీరు బొట్టు చూసి నడుపుతలేరు ఎందుకు? దీపం బొట్టు కింద పెట్టున్రి. ఆపా గట్లనే చేస్తుండె."

"ఏ బొట్టు?"

"స్క్రీన్ మీద ఆపా అతికించింది. నా కుడి రెక్క కొసకు పచ్చ లైటు ఉంటది గద. అది బొట్టు కింది అంచుకు తాకినట్టు కనబడితే ఆపా జాగల ఉన్నట్టు. నా తోక మీది నంబరు చదవొస్తే దూరం గూడ సరిపోయినట్టు. 'బొట్టు కింద దీపం పెట్టిన, ఇగ పోదాం పా' అంటుండె."

తెర మీద వేలు పెట్టి తడిమాను.

"సార్? ఉన్నదా బొట్టు?"

"చూస్త" అని హెడ్‌సెట్ తీసేశాను.

అద్దం ముందు నిలబడ్డాను. ఏడు బిళ్లలు, అన్నీ ఒకే రంగు. చివరిది తెర మీది నుంచి తీసింది. దాన్ని తిరిగి ఎక్కడ పెట్టాలో నాకు తెలియదు. ఎడమ వైపు, మధ్యకు కాస్త పైన. ఎంత పైన? ఆ రాత్రి, మర్నాడు ఉదయం, బడిలో మూడో పీరియడులో, అదే ఆలోచన. ఆమె ఎన్ని సాయంత్రాలు జరిపి జరిపి ఆ చోటు పట్టుకుందో. నేను ఒక్క గోటి గీతతో తీసేశాను.

ఆ రోజు బడి నుంచి వచ్చేసరికి నాలుగున్నర. పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా ఆ గదిలో పడుతోంది. కంప్యూటరు ఆపి ఉంది. నల్లటి తెర మీద మూడు నెలల దుమ్ము సన్నగా పరుచుకుని ఉంది. అయిదు రోజులుగా దాని ముందు కూర్చుంటున్నా తుడవలేదు. వంగి పక్క నుంచి చూస్తే ఒక చోట దుమ్ము చిన్న వలయంలా ముద్దకట్టి ఉంది. బిళ్ల వెనక జిగురు గాజు మీద మిగిలిపోయి దుమ్మును పట్టుకుంది. బఠాణీ గింజంత వలయం.

బిళ్ల తెచ్చి దాని మీద అతికించాను. వలయానికి సరిగ్గా కుదరలేదని రెండుసార్లు తీసి పెట్టాను.

ఆ సాయంత్రం అద్నాన్ పచ్చ దీపం నెమ్మదిగా జారుతూ వచ్చి బొట్టు కింది అంచు దగ్గర ఆగింది. తోక మీద అంకె కనిపించింది. ఒకటి. నా చేయి బిగబడలేదు. దీపం జరిగితే నేనూ జరిగాను. ఎంతసేపో తెలియదు.

"నాలుగు నిమిషాలు సార్!" అని అరిచాడు డానియేలు. "నన్ను సంపకుండ నాలుగు నిమిషాలు!"

"ఆపా జాగ అదే సార్" అన్నాడు అద్నాన్. "వెంట్రుక మందం తేడా లేదు."

ఆమె కళ్ళు చూసిన చోటనే నా కళ్ళు ఉన్నాయి. ఆ రాత్రి మూడు నెలల్లో మొదటిసారి తెల్లవార్లూ నిద్రపోయాను.

అయితే ప్రదర్శనలో ఇంకొకటి ఉంది. నాలుగో నిమిషంలో అద్నాన్ ఎడమకు వాలి పెద్ద మలుపు తిరుగుతాడు. ఆ మలుపులోనే నేను అతని కింది నుంచి ఎడమ వైపుకు, డానియేలు కుడి వైపుకు మారాలి. నలభై సెకన్లు అలా తిరిగి, మళ్ళీ ఎవరి వైపుకు వాళ్ళు రావాలి. బుధవారం మొదటిసారి చేశాం. కింది నుంచి దాటి ఎడమ వైపు తేలాను. అద్నాన్ ఇప్పుడు తెరలో నాకు కుడి పక్కన ఉన్నాడు. పచ్చ దీపం లేదు, ఎడమ రెక్క కొసన ఎర్ర దీపం ఉంది. బొట్టు లేదు. ఉత్త గాజు.

గాలిలో చేయి వేసి గోడ కోసం తడుముకున్నట్లయింది. దూరంగా కొట్టుకుపోయాను.

గురువారం బడి నుంచి స్కేలు తెచ్చాను. బొట్టు ఎడమ అంచు నుంచి పదహారు సెంటీమీటర్లు, పై అంచు నుంచి పదకొండు. కుడి వైపూ అంతే కొలిచి పెన్సిలుతో చుక్క పెట్టాను. అద్దం మీది నుంచి ఇంకొక బిళ్ల తీశాను. తీసే ముందు కాసేపు ఆగాను. తరువాత తీసి అతికించాను. సాయంత్రం ఎగిరితే ఎర్ర దీపం ఆ బొట్టు కిందికి వచ్చింది, ఒక్క క్షణం. అద్నాన్ ఇంకాస్త వాలగానే కిందికి జారిపోయింది. అతను వాలు తగ్గించగానే పైకి పోయింది. ఆ మలుపులో దీపం ఒక చోట ఉండదు. దాన్ని చుక్కకు కట్టేయడం కుదరదు. ఆరుసార్లు చేశాం. ఆరుసార్లూ తప్పాను. ఆరోసారి డానియేలును గుద్దాను. అతను ఈసారి జోకు వేయలేదు.

"రేపు మాట్లాడుదాం సార్" అన్నాడు అద్నాన్.

శుక్రవారం అయిదింటికి నేను గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే తలుపు చప్పుడైంది. అద్నాన్ కాదు, నౌరీన్. ఇరవై అయిదేళ్లుంటాయి. మందుల దుకాణంలో పని చేస్తుంది, సాయంత్రాలు అన్న దుకాణంలో కూర్చుంటుంది. తనూజ పోయిన రోజు వచ్చి ఒక మూల నిలబడి వెళ్ళింది. ఆ తరువాత ఇదే రావడం.

"అన్నకు మీతోని చెప్పనీకి నోరొస్తలేదు సార్. బండి ఇచ్చి నన్ను తోలిండు. నా పేరు ఇస్తమని చెప్పుమన్నడు."

"కూర్చోమ్మా" అన్నాను.

కూర్చోలేదు. అన్న లాగే. తెర వైపు చూసి, "రెండో బొట్టు ఎందుకు సార్?" అంది.

చెప్పాను. స్కేలు, పదహారు సెంటీమీటర్లు. నౌరీన్ నవ్వు ఆపుకోలేకపోయింది. దుపట్టా కొస నోటికి అడ్డం పెట్టుకుంది.

"మాఫీ సార్. ఆపా ఉంటే ఎంత నవ్వుతుండెనో. ఆ మలుపుల బొట్టు పనిజెయ్యదు. ఆపా అడుగుతుండె."

"ఏమడిగేది?"

"అన్న విమానంల ముంగట అద్దాలుంటయి, దాంట్ల ఎనక వచ్చేటోళ్ళు కనబడ్తరు. మీకు అన్న చెప్పలేదా? ఆపా ఆ పక్కకు పోంగనే 'ఉన్ననా?' అంటుండె. అన్న అద్దంల చూసి 'ఉన్నవ్ ఆపా' అంటుండె. జరంత జరిగితే 'ఎనక పడ్డవ్ ఆపా, రా.' మల్ల 'ఉన్నవ్ ఆపా.' నాకు అన్న మాటనే వినబడేది, ఆపాది హెడ్‌సెట్ల. ఆపా ఏమంటదో అన్ననే చెప్పిండు. రోజూ గదే. ఉన్నవ్ ఆపా, ఉన్నవ్ ఆపా. నేను ఎక్కిరిస్తుంటి."

నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. కింద ఆండాలమ్మ బర్రెకు నీళ్ళు పెడుతోంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడిగే మనిషి కాదని అన్న అంటడు. పెద్దసారు, తప్పు పట్టుకుంటరని భయం. ఇంకోటి గూడ ఉంది సార్." ఆమె గొంతు తగ్గింది. "మూడు నెలల సంది అన్న ఆ అద్దంల చూస్తలేడు. నేను పక్కన కూసోని చూస్తున్న గద. మలుపు రాంగనే ముంగటికే చూస్తడు. మీరు ఎక్కడున్నరో ఆయనకు తెల్వదు సార్. తప్పు మీదొక్కటే కాదు."

గోడ గడియారం అయిదూ ఇరవై చూపిస్తోంది.

"నౌరీన్, నీకా మలుపు వస్తదా?"

"వస్తది. అడగకుండనే వస్తది. నాకు అలవాటే." తెర మీది బొట్ల వైపు చూసింది. "నేను ఎగిరితే అన్నకు అద్దంల చూసే పనే ఉండదు."

ఆమె ఫోను తీసింది. నన్ను అడగలేదు.

"భాయ్, సార్ పేరే ఇయ్యి... హౌ... చెప్పిన, అంత చెప్పిన... నక్కో, తిట్టకు. రోడ్డు మీద ఉన్న, పెట్టేస్తున్న" అని, మా గది మధ్య నిలబడి అబద్ధమాడి, పెట్టేసింది.

"ఈ ఆదివారం ఒక్కటి నాకియ్యి" అన్నాను. "సోమవారం నుంచి మూడు నీది."

"మాట మీద ఉండాలె సార్" అని మెట్లు దిగిపోయింది.

రెండో బొట్టు తీసి అద్దం మీద దాని చోట పెట్టేశాను. శనివారం బడిలో సాయంత్రం దాకా మీటింగు పెట్టారు. సాధన లేదు. ఆ రాత్రి నాలుక మీద ఆ ఒక్క మాట పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఉన్ననా. తనూజను నేను ఎప్పుడూ ఏదీ అలా అడగలేదు. ఆమె గది తలుపు తట్టి, రావచ్చా అని కూడా అడగలేదు.

ఆదివారం నాలుగూ ముప్పావుకే కూర్చున్నాను. అయిదు గంటల అయిదు నిమిషాలకు మా వంతు వచ్చింది. ముగ్గురం నేల వదిలాం. మొదటి నిమిషంలోనే కింది నుంచి ఆండాలమ్మ, "సారూ, పాలు!" అని కేక వేసింది. హెడ్‌సెట్ మైకులో అది అందరికీ వినబడింది.

"మాకు గూడ పావు లీటరు సార్" అన్నాడు డానియేలు.

"అన్నా, నోరు మూసుకో" అన్నాడు అద్నాన్.

పచ్చ దీపం బొట్టు కింది అంచున నిలబడింది. ఒక నిమిషం. రెండు. మూడు. నా వీపు తడిసిపోయింది కానీ చేయి వదులుగానే ఉంది.

"మలుపు" అన్నాడు అద్నాన్. "మూడు, దాటండి."

వేగం కాస్త తగ్గించాను, కిందికి దిగాను. అతని విమానం పొట్ట నా తల మీదుగా పోయింది. ఎడమ వైపు తేలాను. ఎర్ర దీపం. ఉత్త గాజు. దీపం అప్పుడే జారడం మొదలుపెట్టింది. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. దీపం ఇంకా జారింది. మూడో విమానం చోటు వదిలి బయటికి కొట్టుకుపోతోందని తెలుస్తూనే ఉంది.

"అద్నాన్" అన్నాను.

"సార్."

"ఉన్ననా?"

చెవిలో ఏమీ వినబడలేదు. రెండు సెకన్లు. మూడు. అతను అద్దం వైపు తల తిప్పుతున్నాడో లేదో నాకు తెలిసే దారి లేదు.

"దూరం పోయిన్రు సార్" అన్నాడు. "రండి. ఇంకా రండి. కొంచెం పైకి. ఆఁ."

"ఉన్ననా?"

"ఉన్నరు సార్."

దీపం జారింది. అడిగాను. అతను చెప్పాడు. నేను జరిగాను. నలభై సెకన్లలో ఏడుసార్లు అడిగాను. ప్రతిసారీ అతను చూసి చెప్పాడు.

"చాలు, దాటండి" అన్నాడు అద్నాన్.

కింది నుంచి తిరిగి కుడి వైపుకు వచ్చాను. పచ్చ దీపం పైకి తేలి, బొట్టు కింది అంచును తాకి ఆగింది. తోక మీద ఒకటి అంకె స్పష్టంగా ఉంది. వెంట్రుక మందం తేడా లేదు, నాకు కనిపిస్తూనే ఉంది. ఇంకా నిమిషం పైగా ఉంది.

"ఉన్ననా, అద్నాన్?" అని అడిగాను.

"ఉన్నరు సార్" అన్నాడు.